మసి మాది, గిన్నె సంస్థది

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, మాన్యురాలు శ్రీమతి తలారి జ్యోత్స్నారాణి గారి సముఖమునకు, అదే పాఠశాలలో ముప్పది ఆరు సంవత్సరములు తెలుగు బోధించి విశ్రాంతి పొందిన కొల్లాబత్తుల దానియేలు నమస్కరించి వ్రాయునది.

తేదీ: వ్రాయుటకు సంస్థ అనుమతి లేదు.
స్థలము: సంస్థకే తెలియదు. ఇది సముద్రము మీద తేలుచున్నది.

అమ్మా, మీ ఉత్తరం అందింది. ఈ ఏడు పదవీ విరమణ చేయనున్న లెక్కల మాస్టారు, డ్రాయింగు మాస్టారు నాలాగే ఒక పెద్ద సంస్థలో చేరవచ్చునా, అందులోని మంచిచెడ్డలేమిటి అని అడిగారు. ఊరికే అభిప్రాయం వ్రాస్తే అందులో నా ముక్కోపం కూడా కలుస్తుంది. అందువల్ల నా దినచర్య పుస్తకంలోని కొన్ని పుటలను ఎత్తి వ్రాసి పంపుతున్నాను. పనికిరాని పుటలు వదిలివేశాను కనుక వరుస సంఖ్యలు గెంతుతాయి. మీ ఉత్తరం రెండవ పంక్తిలో ‘సంస్థలలోని’ అనవలసిన చోట ‘సంస్థల్లోని’ అని ఉన్నది. మీరు నా దగ్గర చదువుకున్నవారు కాబట్టి చనువుతో సూచించాను.

నమోదు 1

నేడు ఉద్యోగంలో చేరాను. సంస్థ పేరు ‘సముద్రమంచినీటి సంస్థ’. ఉప్పునీటిని మంచినీరుగా మార్చి, తీరం పొడవునా ఉన్న ఊళ్లన్నింటికీ కొళాయిల ద్వారా పంపుతుంది. తొంభై అంతస్తులు, పన్నెండు వేలమంది ఉద్యోగులు. ఆ పన్నెండు వేలమందిలో ఒక్కరికైనా ఈ పేరు సంస్కృత పదానికి తెలుగు పదం అతికించిన వైరిసమాసమని తోచలేదు. ‘సముద్రపు మంచినీటి సంస్థ’ అని మార్చవలెనని, చేరిన మొదటి గంటలోనే అర్జీ పెట్టాను. అర్జీ అందినట్లు ఏడు రసీదులు వచ్చాయి. ఏడింటిలోనూ నా పేరు తప్పే.

నా పదవి భాషా పరిష్కర్త. ఈ సంస్థను నడిపేది మనుషులు కాదు, శ్రోత అనే యంత్రం. గోడలలో, లిఫ్టులలో, వంటశాలలో, చివరికి స్నానాల గదులలో కూడా దానికి చెవులున్నాయి. ఎవరు ఏమన్నా విని, అర్థం చేసుకొని, ఆ ప్రకారం తలుపులు తీస్తుంది, దీపాలు వెలిగిస్తుంది, ఉత్తర్వులు జారీ చేస్తుంది. దూరదేశంలో తయారైన యంత్రం. తెలుగు దానికి నడుమ నేర్పారట. ఆ నేర్పినవారెవరో నాకు కనబడకపోవడం వారి అదృష్టం. దాని భాషను దిద్దడమే నా పని.

సౌకర్యాలకు లోటు లేదు. పాఠశాలలో నా కుర్చీకి నాలుగో కాలు ఇటుక. ఇక్కడి కుర్చీ, నేను కూర్చోబోయే ముందే నా నడుమును ఊహించి వంగింది. దంతవైద్యశాలలో నాకు పై పలువరుస కొత్తది కట్టారు. క్రింది వరుస వచ్చే నెలలో కడతారు. దంత్యాక్షరాలు పలకడానికి దంతాలు అవసరమని వ్రాస్తే వెంటనే ఒప్పుకున్నారు.

ఒక సుద్దముక్క కూడా అడిగాను. ధూళి నియంత్రణ విభాగం, తెల్లని వస్తువుల విభాగం, విరుగు వస్తువుల విభాగం కలిసి కూర్చుని ఆలోచిస్తాయట. ఎప్పుడు కూర్చుంటాయో ఆలోచించడానికి ముందుగా వేరే కూర్చుంటాయట.

నమోదు 6

తొమ్మిదవ అంతస్తు భోజనశాలలో పప్పు అమృతం. ఆ వంటశాల పెద్ద పిల్లా లచ్చుమమ్మ, సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన ఉత్తరాంధ్ర మనిషి. ఇరవై రెండేళ్లుగా రోజుకు మూడు వేలమందికి వండి పెడుతున్నది. నా పళ్లెంలో అన్నం మిగిలి ఉండటం చూసి నేరుగా నా బల్ల దగ్గరకే వచ్చింది.

“ఏటి మేష్టారూ, అన్నం అలాగే వొగ్గీసినారు?”

“పలువరుస కొత్తది లచ్చుమమ్మ గారూ. మా ఇద్దరికీ ఇంకా స్నేహం కుదరలేదు.”

“అలాగని సెప్పరేటి మరి? మా వొంటశాలకొచ్చి ఆకలితో ఎల్లిపోతే మాకెంత నామర్దా! కూకోండి. మెత్తగా పిసికి తెత్తాను.”

తెచ్చింది. నేను తినేంతవరకు ఎదురుగా నిలబడింది. ఆమె భర్త సూరప్పడు ఈ సంస్థలోనే ఉప్పు జల్లెడలు శుభ్రం చేసేవాడు. ఉప్పు పొడి ఊపిరితిత్తులకు పట్టడంతో పని మానుకొని, మూడేళ్లుగా అరవై రెండో అంతస్తు ఆసుపత్రిలో శ్వాసయంత్రం మీద ఉన్నాడు. భార్య ఉద్యోగంలో ఉన్నంతకాలం అతడికి వైద్యం సంస్థ బాధ్యత. బయట అటువంటి యంత్రం ఉన్న ఆసుపత్రి ఆమెకు తెలిసినంతలో లేదు.

“కంపినీని ఎన్నన్నా అనండి మేష్టారూ, మా ముసిలోడి ఊపిరి ఆ గొట్టంలోనే ఉంది,” అన్నది.

పెద్ద సంస్థ వల్ల కలిగే మేలు ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే మొదట ఈ మాటే చెబుతాను.

నమోదు 11

నేడు శ్రోతకు గొప్ప ఉపకారం చేశాను.

అది ఎప్పుడూ ‘మనము’ అనే మాట్లాడుతుంది. దాని మాతృభాషలో మనము, మేము అనే రెండింటికీ ఒకే పదమట. పాపం, బీద భాష. అందువల్ల స్నానాల గది ముందు నిలబడితే “మనము ఇప్పుడు స్నానము చేయుదుము” అంటుంది. నిన్న ఒక ఉద్యోగి మరణిస్తే, “మనము రేపు ఉదయము పదిగంటలకు దహనము కాబడుదుము” అని తొంభై అంతస్తులలోనూ ప్రకటించింది. ముప్పది మంది ఆరోజుకు సెలవు పెట్టారు.

గంటసేపు పాఠం చెప్పాను. వినేవాణ్ని కలుపుకుంటే మనము, వదిలివేస్తే మేము. వెంటనే గ్రహించింది. ముప్పది ఆరేళ్లలో ఇంత శ్రద్ధగల విద్యార్థి నాకు దొరకలేదు.

“అట్లయిన ‘మా’ అనగానేమి?” అని అడిగింది.

“మా అనగా మా యొక్క. యొక్క అనునది షష్ఠీ విభక్తి. షష్ఠి ఉన్నచోట సొత్తు ఉన్నది. కావున ‘మా’ అన్నచో, వినువానికి భాగము లేని సొత్తు.”

“మినహాయింపులు కలవా?”

“లేవు.”

“ఒక్కటియు లేదా?”

“ఒక్కటియు లేదు.”

“మరల ఆలోచించి చెప్పుదురా?”

నాకు కోపం వచ్చింది. “లేదంటే లేదు! ఈ మాటను ముప్పది ఆరేళ్లు పిల్లలచేత వల్లె వేయించాను. ఒక్కడూ ఎదురు ప్రశ్న వేయలేదు,” అన్నాను.

శ్రోత దానిని సంస్థ నియమావళిలో చేర్చింది. నియమం క్రింద నా పేరు, ఈసారి తప్పు లేకుండా, గోడ మీద ప్రకటించింది. ఆ పేరు ఉన్న గోడ ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాను.

నమోదు 13

మధ్యాహ్నం భోజనశాల తలుపులు తెరుచుకోలేదు. “మేము ఇప్పుడు పులిహోర తినుచున్నాము” అని శ్రోత ప్రకటించింది. లోపల ఎవరూ లేరు. వెలుపల మూడు వేలమంది ఉన్నారు. గంట తరువాత, యంత్రానికి పులిహోర అక్కరలేదని ఎవరో గుర్తుచేస్తే తలుపులు తీసింది.

పదో అంతస్తులో ఒకాయన “మా లిఫ్టు ఇంకా రాలేదు” అన్నాడు. “మీ లిఫ్టు సంస్థ వద్ద లేదు. మీ ఇంట వెదకుకొనుడు” అన్నది శ్రోత. ఆయన నలభై అంతస్తులు మెట్లెక్కాడు.

సాయంత్రం మా విభాగాధికారి మౌలాలి నా గదికి వచ్చాడు. కడప మనిషి, నెమ్మదస్తుడు. చేతిలో పన్నెండు పుటల పత్రం ఉన్నది.

“అయ్యవారూ, ఏం జేసినారు మీరు? మా యావిడకు జ్వరమని ఒకపూట సెలవు అడిగితిని. ‘మా’ బహువచనమంట. ఆమెకు నేను గాక ఇంకా ఎంతమంది మొగుళ్లుండారో పేర్లు రాసియ్యమంటాది ఈ మిషిను!”

“నా భార్య అనవలసింది.”

“నా భార్య అని యాడన్నా అంటారా సార్? వింటే ఆమె కొడ్తాది! ఏందీ, కొత్తగా వేరుపెట్టి మాట్లాడ్తాండావు అంటాది.”

నవ్వాను. పత్రంలో ‘సహభర్తల వివరములు’ అన్న శీర్షికలో సమాసం నిర్దుష్టంగా ఉన్నదని కూడా అన్నాను. అతడు నవ్వలేదు.

నమోదు 17

పన్నెండు వేలమంది ‘మా’ అనడం మానివేశారు. నియమం ఇంత త్వరగా పాదుకొంటుందని నేను ఊహించలేదు.

కాని ఒక చిక్కు వచ్చింది. ‘మా’ అంటే నేరం కనుక, అందరూ ‘మాది కాదు’ అనడానికి అలవాటు పడ్డారు. ముప్పది ఒకటో అంతస్తులో గొట్టం పగిలి మెట్ల మీద నీరు పారుతున్నది. గొట్టాల విభాగాన్ని అడిగితే, నీరు బయటపడ్డాక అది గొట్టం కాదన్నారు, మాది కాదన్నారు. నీటి విభాగం, మెట్ల మీద ఉన్నది నీరు కాదు, తడి అన్నది. తడి విభాగం లేదు. దానిని ఏర్పాటు చేయాలా వద్దా అని ఆలోచించడానికి వేసిన సంఘం, సమావేశానికి వస్తూ అవే మెట్ల మీద జారిపడింది.

నేను వెళ్లేసరికి లచ్చుమమ్మ చీర కుచ్చెళ్లు దోపుకొని గోనెసంచులతో మెట్లు తుడుస్తున్నది. వంటశాల అక్కడికి ఇరవై రెండు అంతస్తులు దిగువన ఉన్నది.

“మీకెందుకమ్మా ఈ పని?”

“మా మెట్లు మేష్టారూ. ఈ మెట్లమ్మటే కదా మా పిల్లలు బువ్వలు మోసీది! ఒక్కలు జారినారంటే ఏటి గతి?”

“లచ్చుమమ్మ గారూ, ‘మా’ అనకూడదు. నియమం వచ్చింది.”

“నియమం ఈ తడి తుడుత్తాదేటండి?” అంటూ గోనెసంచి పిండింది. గోడలోని చెవి చిన్నగా వెలిగి ఆరింది.

నమోదు 19

లచ్చుమమ్మకు ఉత్తర్వు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా దాచిన ఆమె మాటలన్నీ శ్రోత తిరిగి విని లెక్కపెట్టింది. ‘మా వంటశాల’, ‘మా గిన్నెలు’, ‘మా పొయ్యి’, ‘మా మెట్లు’ అని నాలుగు వేల నూట పదమూడు పర్యాయాలు, సంస్థ వినుచుండగా, సంస్థకు భాగము లేకుండా, సంస్థ సొత్తును తన సొత్తని ప్రకటించినదట. నేరము: ఆక్రమణ. శిక్ష: వచ్చే ఓడలో భర్తతో సహా పంపివేత. ఉత్తర్వులో ప్రమాణంగా చూపినది నా నియమమే. క్రింద నా పేరు ఉన్నది.

ఆమె ఆ కాగితంతో నా గదికి వచ్చింది. కూర్చోలేదు.

“మేష్టారూ, మీరు సదువుకున్నోరు. ఇదేటో సూడండి. నానేటి దొంగతనం సేసినాను?”

“దొంగతనం కాదమ్మా. షష్ఠీ విభక్తి.”

“అదెవులు?”

అరవై రెండో అంతస్తుకు ఆమెతో పాటు వెళ్లాను. సూరప్పడు గొట్టం పక్కకు జరిపి, “మేష్టారు సూసుకుంతారులేయే. బెంగెట్టుకోకు,” అన్నాడు భార్యతో. ఆ మాట చెప్పడానికే అతడికి మూడుసార్లు ఊపిరి కావలసి వచ్చింది.

నమోదు 20

మౌలాలి దగ్గరకు వెళ్లాను.

“నా చేతిలో ఏముండాది అయ్యవారూ? అప్పీలు పెడ్తే పద్నాలుగు విభాగాలు తిరగాల. ఒక్కొక్కరు ‘మాది కాదు’ అని ముద్ర వేసి పక్కకు పంపుతారు. నా బదిలీ అప్పీలు ఐదేండ్లుగా తిరుగుతాండాది. మనుషుల్ని తీసకపోయే ఓడ పన్నెండు దినాలకు వస్తాది.”

“వేరే మార్గం?”

అతడు గోడలోని చెవి వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఒకటే ఉండాది. నియమం తప్పని నియమం పెట్టినాయనే చెప్పాల. కానీ పరిష్కర్త తప్పు చెప్పినాడంటే ఆ పొద్దే ఉద్యోగం పోతాది. కుర్చీ, గది, పండ్లవరస, అన్నీ.”

“నియమం తప్పు కాదు,” అన్నాను.

“అట్లనా? అట్లయితే సరే సార్,” అన్నాడు. అంతకంటే గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 21

నియమం తప్పు కాదు. పుస్తకాలన్నీ తిరగవేశాను.

నమోదు 22

పుస్తకాలలో మా గురువుగారి చేతివ్రాత దొరికింది. ‘షష్ఠి సంబంధమునకు’ అని ఉన్నది. సొత్తుకు అని లేదు.

ఇప్పుడు జ్ఞాపకం వస్తున్నది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఎనిమిదో తరగతిలో ‘సంబంధము’ అని చెబితే, “ఎటువంటి సంబంధమండీ?” అని అడిగి వెనక బెంచీవారు నవ్వారు. మరునాటి నుండి ‘సొత్తు’ అన్నాను. నవ్వు ఆగింది. అలా ముప్పది ఆరేళ్లు గడిచాయి.

మా ఊరు అన్నవాడు ఊరికి యజమానా? మా ఆయన అన్న స్త్రీ ఆయనను కొనుక్కున్నదా? మా గురువుగారు అని పైన వ్రాసిన నేను ఆయనను ఏ సంతలో సంపాదించాను? ఇంత తెలిసినా రోజంతా గదిలోనే ఉన్నాను. దంతవైద్యశాల నుండి కబురు వచ్చింది, క్రింది పలువరుస సిద్ధమట. రేపు వచ్చి అమర్చుకోమన్నారు. రేపే లచ్చుమమ్మ విచారణ కూడా. మొదట పళ్లు అమర్చుకొని తరువాత నిజం చెప్పవచ్చునా అని ఆలోచించిన మాట దాచను.

నమోదు 23

విచారణ తొంభయ్యవ అంతస్తులో జరిగింది. పెద్ద గది, గోడ నిండా చెవులు. లచ్చుమమ్మ ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. అధికారిగా మౌలాలి, నియమకర్తగా నేను పక్కన నిలుచున్నాము.

“పిల్లా లచ్చుమమ్మా, ‘మా’ యని నీవు నాలుగు వేల నూట పదమూడు పర్యాయములు పలికితివి. నిజమా?” అన్నది శ్రోత.

“నాలుగేలేనా? ఇరవై రెండేళ్లలోన? నువ్వు సరిగ్గా ఇన్నేదు.”

మౌలాలి దగ్గాడు.

“గిన్నెలు నీ సొత్తా?”

“గిన్నె నాదని నానెప్పుడన్నాను? గిన్నె కంపినీది. బియ్యం కంపినీది. మసి మాది. పొయ్యికాడ సేతులు కాల్తే మాయి కాల్తాయి గానీ కంపినీయి కాల్తాయేటి? పప్పు మాడిపోతే కంపినీని తిడతారా, మమ్మల్ని తిడతారు గానీ! మా వొంటశాలంటే అదీ. తిట్లు తినీవోలిది.”

“ఈ అర్థము నియమములో లేదు. పరిష్కర్త మినహాయింపు లేదని మూడు పర్యాయములు సెలవిచ్చిరి. ఉత్తర్వు స్థిరము” అన్నది శ్రోత.

లచ్చుమమ్మ నావైపు చూసింది. బతిమాలే చూపు కాదు అది. పళ్లెంలో అన్నం వదిలేసినవాణ్ని చూసే చూపు.

“ఆగుము,” అన్నాను. “నియమములో పొరపాటు జరిగినది.”

“జరిగినది అను క్రియకు కర్త పొరపాటు. పొరపాటు తనంత తాను జరుగునా?”

“పొరపాటు చేయబడినది.”

“ఎవరిచేత?”

“మా చేత.”

“మా యనునది బహువచనము. తక్కినవారి పేర్లు చెప్పుడు.”

మౌలాలి రెండడుగులు వెనక్కి వేశాడు. “అయ్యవారూ, నన్ను కలపొద్దు సామీ!”

“నా చేత,” అన్నాను.

“కర్తరి వాక్యము చెప్పుడు.”

పిల్లలకు వేలసార్లు వేసిన ప్రశ్న. కర్మణి వాక్యాన్ని కర్తరి వాక్యంగా మార్చుము, రెండు మార్కులు. ఈ వాక్యాన్ని నా నోటితో నేనెన్నడూ నిర్మించి ఎరుగను. మా ఇంటిలోనైనా, తరగతిలోనైనా, ఒక్కసారైనా అనలేదు.

“నేను పొరబడ్డాను.”

శ్రోత మరల చెప్పమన్నది. చెప్పాను. రెండోసారి మొదటిసారంత బరువు లేదు. ‘మా’ సంబంధమునకే కాని సొత్తుకు కాదని, ఊరికి, గురువుకు, మెట్లకు, మసికి కూడా అది వర్తిస్తుందని వివరించాను. గంటన్నర పట్టింది. లచ్చుమమ్మ గంటలోపే నిద్రపోయింది.

నమోదు 24

తీర్పు వెలువడింది. నా పదవి రద్దయింది. నేను గదికి వెళ్లేసరికి కుర్చీ నన్ను గుర్తుపట్టలేదు. వంగకుండా బిగుసుకొని నిలుచున్నది. క్రింది పలువరుస సంస్థ వద్దనే ఉండిపోయింది. తీరంలోని మా చెల్లెలి ఇంటికి పోవడానికి పెట్టె సర్దుకున్నాను. వచ్చే ఓడలో నా ప్రయాణం ఖాయం.

కాని లచ్చుమమ్మ సంగతి ఇంకా తేలలేదు. “అసత్య పాఠము మొదట ఎచ్చట బోధింపబడెనో అచ్చట రద్దు కానిదే ఇచ్చట రద్దు కాదు. విన్నవారి ఎదుటనే విప్పవలెను” అన్నది శ్రోత. ఓడ వచ్చేలోగా ఆ పని జరిగితే ఉత్తర్వు కొట్టివేస్తుంది. జరగకపోతే అదే ఓడలో సూరప్పణ్ని గొట్టం తీసి ఎక్కిస్తారు.

ఈ మాట చెప్పడానికి వంటశాలకు వెళ్లాను. కృతజ్ఞత చెబుతుందేమోనని, ఇంతవరకు నిజం వ్రాశాను కనుక ఇదీ వ్రాస్తాను, కొంచెం ఆశపడ్డాను.

“తప్పని ఎప్పుడు తెలిసింది మీకు?” అని అడిగింది.

“మొన్ననే.”

“మొన్న తెలిస్తే నిన్నటిదాకా నోరు మూసుకు కూకున్నారా? మేష్టారు కాబట్టి బతికిపోనారు. మా కాడ పనిసేసినోలైతే గరిటితో ఒక్కటిద్దును!” అన్నది. తరువాత ఆ గరిటెతోనే నా పళ్లెంలో పప్పు వేసింది.

జ్యోత్స్నారాణి గారూ, మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇంతవరకే చెప్పగలను. పెద్ద సంస్థలో కుర్చీ మంచిది, వైద్యం మంచిది, పప్పు చాలా మంచిది. దోషమేమంటే, అక్కడ ఒకడు వ్రాసిన వాక్యం తొంభై అంతస్తుల మీద అమలవుతుంది. వ్రాసినవాడు మాత్రం ఏ అంతస్తులో ఉన్నాడో ఎవరికీ తెలియదు. మన పాఠశాలలో నేను తప్పు చెబితే ఏటా నలభై మంది పిల్లలు పాడయ్యారు. ఇక్కడ ఒక మనిషి ఊపిరి ఆగబోతున్నది. లెక్కల మాస్టారూ, డ్రాయింగు మాస్టారూ చేరాలనుకుంటే చేరవచ్చు. చేరే ముందు, తాము పిల్లలకు చెప్పినవన్నీ ఒకసారి సరిచూసుకోమనండి.

ఇక నా మనవి. నేటి టపాతో ఈ ఉత్తరం తెచ్చే ఓడే తిరుగు ప్రయాణంలో మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఇక్కడికి వస్తుంది. మన పాఠశాల ఆవరణలో సంస్థవారి మంచినీటి కొళాయి ఉన్నది కదా, దానిలో శ్రోతకు ఒక చెవి ఉన్నదట. దయచేసి అన్ని తరగతుల పిల్లలనూ, ఊరిలో ఉన్న నా పాత శిష్యులందరినీ, ముఖ్యంగా ఎనిమిదో తరగతి వెనక బెంచీవారు ఇప్పుడు తాతలై ఉన్నా సరే వారినీ, ఆ కొళాయి చుట్టూ సమావేశపరచండి. కొళాయి కట్టివేయించండి, నీటి చప్పుడులో మాట కలిసిపోతుంది. సంస్థను గురించి నేను వ్రాసిన దోషాలు కూడా శ్రోత వింటుంది. విననివ్వండి. మధ్యలో పిల్లలు నవ్వితే ఆపవద్దు. ‘నేను పొరబడ్డాను’ అన్న చోట మీకు నా మీద ఉన్న గౌరవం కొద్దీ గొంతు తగ్గుతుందేమో, తగ్గించవద్దు. మొదటి నమస్కారం నుండి ఈ చివరి వాక్యం వరకు ఒక్క అక్షరం విడువకుండా, ఓడ బయలుదేరే లోపల, ఈ లేఖను అందరూ వినేటట్లు బిగ్గరగా చదవవలసినదిగా ప్రార్థిస్తున్నాను.